అమ్మ సత్తు గిన్నె ఎందుకు కరిగింది

పోయిన కార్తీకంలో ఒక ఆదివారం పొద్దున అమ్మ ఇచ్చిన సత్తు గిన్నెని నా చేతులారా కరగబెట్టాను. చింతపండు పులుసు పిసికి పక్కన పెట్టుకున్నాను. ధనియాలు, మిరియాలు, కందిపప్పు వేయించి దంచుకున్నాను. గిన్నె పొయ్యి మీద పెట్టి స్టవ్ వెలిగించాను. పులుసు పోసేలోపు ఫోన్ మోగింది. హాల్లోకి వెళ్ళి మాట్లాడి వచ్చేసరికి గిన్నెకి అడుగు లేదు. బర్నర్ చుట్టూ వెండిలా మెరుస్తూ చుక్కలు జారుతున్నాయి. పక్క గోడలు మెత్తబడి లోపలికి ఒరుగుతున్నాయి. స్టవ్ ఆపేసరికి మిగిలింది స్టవ్ పళ్ళెంలో ఒక పెద్ద ముద్ద, ఒక సగం చుట్టు అంచు.

మా వైపు కొందరు అల్యూమినియం గిన్నెల్ని కూడా సత్తు గిన్నెలనే అంటారు. నేను చెప్పేది తగరంతో చేసిన పాత సత్తు గిన్నె గురించి. అమ్మ కాపురానికి వచ్చినప్పుడు తెచ్చుకున్నది. తెనాలిలో మా ఇంట్లో చారు అంటే ఆ గిన్నెలోదే. నా పెళ్ళయ్యాక గుంటూరుకి నాతో వచ్చింది.

సాయంత్రం దాకా ఆగి అమ్మకి ఫోన్ చేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఒట్టి గిన్నె పొయ్యెక్కించావటే? సత్తుకి నీళ్ళే కాపలా తల్లీ" అంది.

అమ్మ చదివింది అయిదో తరగతి. నేను ఇరవై నాలుగేళ్ళుగా ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెబుతున్నాను. ఆమె అన్న ఆ ఒక్క మాటలో నేను బోర్డు మీద అరగంట చెప్పే పాఠం ఉంది. గిన్నెలో నీళ్ళున్నంతసేపూ అడుగు వేడి 100 డిగ్రీలకి మరీ పైకి పోదు. ఎక్కువైన వేడినంతా నీళ్ళు ఆవిరై తీసుకుపోతాయి. తగరం కరిగేది 232 డిగ్రీల దగ్గర. గ్యాస్ మంట వెయ్యి డిగ్రీలకి పైనే ఉంటుంది. నీళ్ళు లేకపోతే మంటకీ తగరానికీ మధ్య అడ్డం ఎవరూ లేరు. స్టీలు, ఇత్తడి, రాగి గిన్నెలు అలాంటి పొరపాటుని తట్టుకుంటాయి. తగరం తట్టుకోదు. (ఇక్కడ చెప్పే డిగ్రీలన్నీ సెల్సియస్‌లోనే. కెల్విన్ అయితే ప్రత్యేకంగా చెబుతాను. సెల్సియస్‌కి 273 కలిపితే కెల్విన్.)

ఇంతవరకూ సులువే. కానీ 232 దగ్గరే ఎందుకు కరుగుతుంది? ఇనుము 1538 దాకా, టంగ్‌స్టన్ 3422 దాకా గట్టిగా నిలబడితే తగరానికి ఏం తక్కువైంది?

ఈ ప్రశ్నకి నేను ఏళ్ళ తరబడి క్లాసులో చెప్పిన జవాబు ఒకటుంది: "పరమాణువుల మధ్య బంధాలు బలహీనంగా ఉంటే తక్కువ వేడికే కరుగుతుంది." పిల్లలు రాసుకునేవాళ్ళు, పరీక్షలో రాసేవాళ్ళు, మార్కులు పడేవి. రెండేళ్ళ కిందట గాలియం పాఠం చెబుతుంటే రెండో బెంచీలో కూర్చునే అమ్మాయి లేచింది. గాలియం దాదాపు 30 డిగ్రీలకే కరుగుతుంది, సుమారు 2400 డిగ్రీల దాకా మరగదు అని నేను అప్పుడే బోర్డు మీద రాశాను.

"మేడం, బంధాలు బలహీనం అంటున్నారు గదా. మరి అవే బంధాలు 2400 దాకా ఎట్లా పట్టుకుని ఉన్నాయి?"

రేపు చెబుతానమ్మా అన్నాను. ఆ రేపు రావడానికి నాకు మూడు వారాలు పట్టింది. డిగ్రీ రోజుల నాటి నోట్సు తీశాను, లైబ్రరీలో కూర్చున్నాను. ఆ అమ్మాయి అడిగింది అక్షరాలా సరైన ప్రశ్న. నేను చెబుతూ వచ్చింది సగం నిజం. ఈ పోస్టు ఆ మిగతా సగం కోసం.

ముందుగా కరగడం అంటే ఏమిటో చూద్దాం. మన పెళ్ళిళ్ళలో బంతి భోజనాలు గుర్తు చేసుకోండి. విస్తళ్ళ ముందు వరసగా కూర్చున్న జనం ఘనపదార్థం లాంటివాళ్ళు. ఎవరి చోటు వాళ్ళది, పక్కన ఎవరున్నారో తెలుసు. భోజనాలయ్యాక లేచి, అదే పందిట్లో ఒకరినొకరు రాసుకుంటూ తిరుగుతూ కబుర్లాడుకుంటే అది ద్రవం. జనం తగ్గలేదు, ఒత్తిడి తగ్గలేదు, ఎవరూ ఎవరికీ దూరం కాలేదు. పోయిందల్లా వరస. పందిరి దాటి ఎవరి ఊళ్ళకి వాళ్ళు పోతే అది మరగడం.

వరస చెడటానికీ ఊళ్ళకి పోవడానికీ ఎంత తేడా ఉందో తగరాన్నే అడుగుదాం. ఒక మోల్ తగరం (మోల్ అంటే ఏ మూలకంలోనైనా ఒకే సంఖ్యలో పరమాణువులుండే కొలత, తగరానికి అది సుమారు 119 గ్రాములు) కరగడానికి కావలసిన వేడి 7 కిలోజౌళ్ళు. అదే తగరం పూర్తిగా ఆవిరవడానికి 290 కిలోజౌళ్ళకి పైనే కావాలి. అంటే కరిగేటప్పుడు పరమాణువులు ఒకదాన్నొకటి పట్టుకున్న బలంలో నూటికి రెండు మూడు వంతులు మాత్రమే వదులుకుంటున్నాయి. మిగతా 97 వంతుల పట్టు ద్రవంలో అలాగే ఉంటుంది. అందుకే తగరం 232కి కరిగినా 2600 దాకా మరగదు. నా స్టవ్ మీద కరిగిన గిన్నెలో ఒక్క మిల్లీగ్రాము కూడా గాల్లోకి పోయి ఉండదు. బంధం బలం ఎంతో చెప్పేది మరిగే ఉష్ణోగ్రత. కరిగే ఉష్ణోగ్రత చెప్పేది ఇంకో సంగతి: ఘనంలో కూర్చోవడానికీ ద్రవంలో తిరగడానికీ మధ్య తేడా ఎంత అన్నది.

ఆ తేడాలో రెండు పక్కలున్నాయి. ఒక పక్క వరస చెడగొట్టడానికి చెల్లించాల్సిన వేడి. రెండో పక్క, వరస చెడితే దొరికే స్వేచ్ఛ. దీన్నే ఎంట్రోపీ అంటాం. వేడిని ఆ స్వేచ్ఛతో భాగిస్తే వచ్చేదే కెల్విన్‌లలో కరిగే ఉష్ణోగ్రత. మూడు వారాలు వెతికి నేను పట్టుకున్న అసలు సంగతి ఇదే. ఒక మూలకం తక్కువ వేడికి కరగడానికి రెండు దారులున్నాయి. కట్టాల్సిన ధర తక్కువైనా కావచ్చు, దొరికే స్వేచ్ఛ చాలా ఎక్కువైనా కావచ్చు. నేను పిల్లలకి ఎప్పుడూ మొదటి దారే చెబుతూ వచ్చాను.

సీసం, గాలియం పక్కపక్కన పెట్టి చూడండి. నన్ను నిజంగా కుర్చీలోంచి లేపిన లెక్క ఇది. ఒక మోల్ సీసం కరగడానికి 4.8 కిలోజౌళ్ళు చాలు. ఒక మోల్ గాలియానికి 5.6 కావాలి. అంటే గాలియాన్ని కరిగించడానికే ఎక్కువ వేడి ఖర్చవుతుంది! అయినా సీసం కరిగేది 327 డిగ్రీల దగ్గర, గాలియం 29.8 దగ్గర. ఎందుకు? సీసం కరిగితే దాని ఎంట్రోపీ మోల్‌కి, కెల్విన్‌కి 8 జౌళ్ళు పెరుగుతుంది. గాలియానిది 18 జౌళ్ళు దాటుతుంది. గాలియం ధర ఎక్కువే కడుతుంది, కానీ దానికి దొరికే స్వేచ్ఛ సీసానికి దొరికేదానికి రెట్టింపు కంటే ఎక్కువ. అందుకని మన అరచేతి వేడి చూపిస్తే చాలు, లేచి పోతుంది.

ఇంత స్వేచ్ఛ దొరుకుతుందంటే అంతకు ముందు గాలియం ఎంత ఇరుకులో కూర్చుని ఉండాలి! సరిగ్గా అదే జరుగుతుంది. మామూలు లోహాల్లో ఒక పరమాణువు చుట్టూ 8 లేక 12 పరమాణువులు సమానమైన దూరంలో ఉంటాయి. అల్యూమినియంలో 12. మూలకాల పట్టికలో దాని కిందనే ఉండే గాలియంలో మాత్రం ప్రతి పరమాణువుకీ ఒక్కటే దగ్గరి జోడీ. అది 2.5 ఆంగ్‌స్ట్రాంల లోపే ఉంటుంది (ఆంగ్‌స్ట్రాం అంటే సెంటీమీటరులో పది కోట్లో వంతు). మరో ఆరు 2.7, 2.8 ఆంగ్‌స్ట్రాంల దూరంలో ఉంటాయి. లోహం అయి ఉండి కూడా జంటలు జంటలుగా కూర్చోవడం గాలియం ప్రత్యేకత. ఆ జంటలన్నీ ఒక పద్ధతిలో ఒదగాలి కాబట్టి వరస చాలా కట్టుదిట్టంగా ఉంటుంది, మధ్యలో ఖాళీలు కూడా ఎక్కువే. కరిగితే ఆ జంటల వరస చెదిరిపోయి పరమాణువులు ఇంకా దగ్గరికి జరుగుతాయి. అందుకే ఘన గాలియం తన ద్రవంలో మంచుగడ్డలా తేలుతుంది. గడ్డకట్టేటప్పుడు సుమారు 3 శాతం ఉబ్బుతుంది. దాన్ని గాజు సీసాలో పెట్టకుండా ప్లాస్టిక్ డబ్బాలో అమ్మేది అందుకే.

నా దగ్గర అలాంటి డబ్బా ఒకటుంది. ఆ అమ్మాయి ప్రశ్న తర్వాత ఆన్‌లైన్‌లో 20 గ్రాములు తెప్పించాను. పాఠంలో "గాలియం వేసవిలో ద్రవంగా ఉండగలదు" అని చెబుతాం. గుంటూరులో వేసవి దాకా ఆగనక్కర లేదు, ఫిబ్రవరి మధ్యాహ్నాలకే సరిపోతుంది. నాకు ఆశ్చర్యం కలిగింది డిసెంబరులో. తెల్లవారుజామున గది 20 డిగ్రీలకి దిగినా డబ్బాలోది గడ్డకట్టలేదు. వరసగా నాలుగు రోజులు చూశాను. మెరుస్తూ, ఊపితే ఊగుతూ అలాగే ఉంది. కరిగే ఉష్ణోగ్రతకి పది డిగ్రీలు కింద ఉండి కూడా ద్రవమే.

ఇదీ ఆ జంటల వరస పనే. అంత కట్టుదిట్టమైన వరసలో ముందుగా ఎవరో ఒకరు కూర్చుంటే తప్ప మిగతావాళ్ళకి ఎలా కూర్చోవాలో తెలియదు. ఒక చుక్క తీసి ఫ్రీజర్‌లో గడ్డకట్టించి, ఆవగింజంత ముక్కని క్లాసులో పిల్లల ముందు డబ్బాలో వేశాను. ముక్క పడ్డ చోటు నుంచి అద్దం మీద పొగమంచు పాకినట్టు గట్టిదనం పాకింది. డబ్బాని చేతిలో పట్టుకున్న అబ్బాయి "వేడెక్కుతోంది మేడం!" అని అరిచాడు. గడ్డకడుతూ వేడెక్కడం! కరగడానికి తీసుకున్న వేడిని తిరిగి ఇచ్చేస్తోంది మరి. ఆ రోజు బెల్ కొట్టినా ఎవరూ కదల్లేదు.

గాలియం కథలో నాకు బాగా ఇష్టమైన భాగం ఇంకోటి ఉంది. 1871లో మెండలీఫ్ తన పట్టికలో అల్యూమినియం కింద ఒక గడి ఖాళీగా వదిలి, అక్కడ ఉండాల్సిన మూలకం సాంద్రత 5.9 దాకా ఉంటుందనీ, అది తక్కువ వేడికే కరుగుతుందనీ రాశాడు. 1875లో ఫ్రాన్సులో లెకాక్ ద బ్వాబోద్రాన్ దాన్ని కనిపెట్టి సాంద్రత 4.7 అని ప్రకటించాడు. లోహాన్ని కంటితో చూడని మెండలీఫ్ రష్యా నుంచి, నీ నమూనా శుద్ధంగా లేనట్టుంది, మళ్ళీ కొలువు అన్నాడు. మళ్ళీ కొలిస్తే 5.9 వచ్చింది. ఈ సంగతి చెప్పిన ప్రతిసారీ నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

ఇప్పుడు తగరం దగ్గరికి వస్తాను. దాని కష్టం గాలియం కష్టానికి చుట్టం. పట్టికలో తగరం ఉన్న నిలువు వరసలో పైన కర్బనం, సిలికాన్, జెర్మేనియం ఉన్నాయి. అవన్నీ వజ్రం తరహాలో, ఒక్కో పరమాణువు నాలుగింటితో చేతులు కలిపి, గట్టి అల్లికగా ఉంటాయి. సిలికాన్ 1414 దాకా, జెర్మేనియం 938 దాకా కరగవు. కింద సీసం పూర్తిగా లోహం, 12 మంది పక్కవాళ్ళతో. మధ్యలో ఉన్న తగరం రెండు పక్కలకీ లాగబడుతూ ఉంటుంది. 13 డిగ్రీల కంటే చల్లబడితే అది వజ్రం తరహా అల్లికే మేలనుకుంటుంది. అప్పుడు బూడిద రంగు పొడిగా మారగలదు. చలి దేశాల్లో పాత తగరం వస్తువులు అలా పొడయ్యాయి. అంతకంటే వెచ్చగా ఉంటే మనకు తెలిసిన తెల్ల తగరం. అందులో నాలుగు పరమాణువులు కొంచెం దగ్గరగా, రెండు కొంచెం దూరంగా ఉంటాయి. అటు అల్లికా పూర్తిగా కాదు, ఇటు లోహపు కూర్పూ పూర్తిగా కాదు. అలాంటి రాజీ వరసకి ద్రవం మీద పెద్ద ఆధిక్యం ఉండదు. వరస వదిలేస్తే పోయేది కొంచెమే, దొరికేది బాగానే ఉంది. 232 దగ్గర వదిలేస్తుంది.

ఇదే గుణం వల్ల మన ఇళ్ళలో తగరం ఇంతకాలం ఉంది. చిన్నప్పుడు తెనాలిలో కళాయి వేసేవాళ్ళు వీధి మలుపులో గుంట తవ్వి, తిత్తితో బొగ్గులు రాజేసి కూర్చునేవాళ్ళు. ఇత్తడి గుండిగని వేడి చేసి, నవాసారం పొడి చల్లితే తెల్లటి పొగ లేచేది. ఆ ఘాటు నాకు ఇప్పటికీ ముక్కులో ఉంది. నవాసారం అంటే అమ్మోనియం క్లోరైడు. వేడికి అది విడిపోయినప్పుడు వచ్చే ఆమ్లపు ఆవిరి లోహం మీది చిలుముని తినేస్తుంది. తర్వాత తగరం కడ్డీని గిన్నె లోపల అలా ఆనించగానే కరిగేది. గుడ్డతో ఒక్క చుట్టు తిప్పితే లోపలంతా వెండి. ఇత్తడి కరగడానికి 900 డిగ్రీలు దాటాలి కాబట్టి గిన్నెకి ఏమీ కాదు. తగరం వెయ్యి డిగ్రీలకి కరిగేదైతే కళాయి అన్న పనే పుట్టేది కాదు.

లోహాలని కలిపితే కరిగే వేడి ఇంకా దిగుతుంది. రేడియో రిపేరు షాపుల్లో వాడే తగరం, సీసం కలిసిన సోల్డర్ 183కే కరుగుతుంది, తగరం కంటే, సీసం కంటే కూడా తక్కువకి. ప్రెషర్ కుక్కర్ మూత మీద సేఫ్టీ వాల్వ్‌లో ఉండేది ఇలాంటి మిశ్రమమే. కుక్కర్‌లో నీళ్ళు ఇంకిపోయి లోపల వేడి పెరిగితే అది కరిగి దారి ఇస్తుంది. వేరు వేరు సైజుల పరమాణువులు కలిస్తే వరసగా కూర్చోవడం కష్టం, కలిసి తిరగడం సులువు.

పాదరసం సంగతి వేరు. దానిది మొదటి దారి, అంటే ధరే తక్కువ. ఒక మోల్‌కి 2.3 కిలోజౌళ్ళు చాలు. పైగా అది మరిగేది కూడా 357 దగ్గరే, కాబట్టి ఇక్కడ బంధాలు నిజంగానే బలహీనం. నేను పాత జవాబు చెప్పుకోదగ్గ చోటు ఇదొక్కటే అనుకున్నాను. కానీ ఎందుకు బలహీనం అని తవ్వితే మళ్ళీ నేల లేదు. పట్టికలో పాదరసం పక్కనే బంగారం ఉంది. ఒక్క ప్రోటాను, ఒక్క ఎలక్ట్రాను తేడా. బంగారం 1064 దాకా కరగదు, పాదరసం మైనస్ 39 దగ్గరే కరుగుతుంది. ఒక్క మెట్టుకి పదకొండు వందల డిగ్రీల తేడా!

దీనికి జవాబు ఐన్‌స్టీన్ దగ్గరుంది. పాదరసం కేంద్రకంలో 80 ప్రోటాన్లు ఉంటాయి. అంత విద్యుదావేశం లాగుతుంటే లోపలి ఎలక్ట్రాన్ల వేగం కాంతి వేగంలో సగాన్ని దాటి 58 శాతం దాకా పోతుంది. ఆ వేగంలో సాపేక్షతా సిద్ధాంతం ప్రకారం వాటి ద్రవ్యరాశి పెరిగినట్టవుతుంది, వాటి చోటు కుంచించుకుపోతుంది. బయటి కక్ష్యలో ఉన్న 6ఎస్ ఎలక్ట్రాన్లు కూడా కేంద్రకం దగ్గరికి వచ్చిపోయేవే కాబట్టి అవీ లోపలికి ముడుచుకుంటాయి. పాదరసంలో అవి రెండు, నిండుగా జతపడి ఉన్నాయి. లోపలికి ముడుచుకున్న ఆ జంట పక్క పరమాణువుతో పంచుకోవడానికి సిద్ధంగా ఉండదు. బంగారంలో అదే చోట ఒక్కటే ఎలక్ట్రాన్ ఉంది కాబట్టి తోడు వెతుక్కుంటుంది, గట్టిగా కట్టుకుంటుంది.

ఇది ఊహ అని చాలాకాలం అనేవాళ్ళు. 2013లో న్యూజీలాండ్‌లో పనిచేసే పీటర్ ష్వెర్ట్‌ఫెగర్, ఆయన సహచరులు కంప్యూటర్ మీద పాదరసాన్ని కరిగించి చూశారు. సాపేక్షతని లెక్కలోంచి తీసేస్తే పాదరసం 82 డిగ్రీల దగ్గర కరిగింది. సాపేక్షత కలిపితే మైనస్ 23. అసలు విలువ మైనస్ 39కి అది చాలా దగ్గర. సాపేక్షత లేని లోకంలో పాదరసం ఈ గదిలో గట్టి లోహంగా, పేపర్ వెయిట్‌లా ఉండేదన్నమాట. జ్వరం చూసిన ప్రతి పాత థర్మామీటర్‌లో ఐన్‌స్టీన్ సిద్ధాంతం పనిచేసింది. మొదటిసారి పాదరసం గడ్డకట్టడం మనుషులు చూసింది 1759 డిసెంబరులో, సెయింట్ పీటర్స్‌బర్గ్ చలిలో. అంతవరకూ అది లోహమేనా అన్న అనుమానం ఉండేది. (ల్యాబులో థర్మామీటర్ పగిలితే పిల్లలు ఆ పూసలతో ఆడకుండా చూడండి. దాని ఆవిరి మంచిది కాదు. ఉంగరాలున్న చేతులు అసలు దగ్గరికి పోకూడదు, పాదరసం బంగారాన్ని పట్టేస్తుంది.)

మిగతావి త్వరగా చెబుతాను. సోడియం, పొటాషియం, రుబీడియం, సీజియం ఒక్కో పరమాణువుకి ఒక్కటే ఎలక్ట్రాన్ ఇచ్చి లోహాన్ని కడతాయి. పరమాణువు పెద్దదయ్యేకొద్దీ ఆ పట్టు పలచబడుతుంది. లిథియం 180, సోడియం 98, పొటాషియం 63, రుబీడియం 39, సీజియం 28.5. ఆరేసి ఎలక్ట్రాన్లతో కట్టుకునే టంగ్‌స్టన్ పక్కన పెడితే ఈ లెక్క సూటిగా అర్థమవుతుంది. తెల్ల భాస్వరం 44కి, గంధకం 115కి కరిగేది వేరే కారణంతో. వాటిలో అణువు లోపలి బంధాలు గట్టివే, కరిగినప్పుడు అవి తెగవు. నాలుగేసి భాస్వరాలు, ఎనిమిదేసి గంధకాలు గుంపులుగానే ఉండి, గుంపుకీ గుంపుకీ మధ్య వరస మాత్రమే చెడుతుంది.

చివరికి హీలియం. గుంటూరు మనిషిగా దాని గురించి చెప్పకుండా వదల్లేను. 1868 ఆగస్టు 18న సంపూర్ణ సూర్యగ్రహణం చూడటానికి ఫ్రెంచి శాస్త్రవేత్త జాన్సెన్ మా ఊరికే వచ్చాడు. ఇక్కడి నుంచే సూర్యుడి అంచున లేచే జ్వాలల కాంతిని, రంగులుగా విడదీసి చూపే వర్ణపటదర్శినితో చూశాడు. ఆ జ్వాలల కాంతిలో కనబడే పసుపు గీత సోడియంది కాదని ఆ ఏడాదే ఇంగ్లండులో లాకియర్ తేల్చాడు. అలా సూర్యుడిలో ముందు దొరికిన మూలకం హీలియం. భూమి మీద 1895లో రామ్‌సే దాన్ని పట్టుకున్నాడు.

అన్ని మూలకాల్లోకీ గడ్డకట్టడానికి ఒప్పుకోనిది అదే. 1908 జూలై 10న నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో కామర్లింగ్ ఓన్నెస్ దాన్ని మైనస్ 269 దగ్గర ద్రవంగా మార్చాడు. ఇంకా చల్లబరిచినా గడ్డకట్టలేదు. మామూలు గాలి ఒత్తిడిలో పరమ శూన్య ఉష్ణోగ్రత (మైనస్ 273) దాకా చల్లబరిచినా హీలియం ద్రవంగానే ఉంటుంది. దాని రెండు ఎలక్ట్రాన్లూ నిండుగా ఉన్నాయి కాబట్టి పక్కవాళ్ళతో పని లేదు, ఆకర్షణ లేశమంత. పైగా చాలా తేలిక. క్వాంటం నియమం ప్రకారం ఏ కణాన్నీ ఒక చోట కదలకుండా కూర్చోబెట్టలేం, ఎంతో కొంత కదలిక మిగిలే ఉంటుంది. అంత తేలికైన హీలియానికి ఆ మిగిలిన కదలికే వరసని చెడగొట్టేటంత. 1926లో కీసమ్ అదే లైడెన్‌లో ఒత్తిడి పెట్టి, నొక్కి కూర్చోబెట్టాడు. అందుకు మామూలు గాలి ఒత్తిడికి కనీసం 25 రెట్ల ఒత్తిడి కావాలి. మా వీధిలో పుట్టినరోజు బెలూన్లు చూసినప్పుడల్లా నాకు ఆ గ్రహణం, ఈ మొండితనం రెండూ గుర్తొస్తాయి.

స్టవ్ పళ్ళెంలో మిగిలిన ముద్ద సంగతి చెప్పాలి. అరకిలోకి కొంచెం తక్కువ తూగింది. పారేయడానికి మనసొప్పలేదు. అంతకంటే నాకు ఒక భయం ఉంది. సత్తు గిన్నెల్లో సీసం కలిపి అమ్మేవాళ్ళుంటారు. చింతపండు పులుపుకి సీసం చారులోకి దిగుతుంది, పిల్లలకి అది విషం. మేమంతా ఆ గిన్నెలో చారు తాగి పెరిగినవాళ్ళం. అందుకని ఒక ముక్కని కాలేజీ ల్యాబుకి తీసుకెళ్ళాను.

ముందు అంచు నుంచి ఒక పట్టీ తీసి చెవి దగ్గర పెట్టుకుని వంచాను. కిర్రుమంది. తగరం లోపలి స్ఫటికాలు ఒక్కసారిగా పక్కకి ఒరిగితే వచ్చే చప్పుడు అది, సీసం అలా అరవదు. తర్వాత గట్టి గాజు ట్యూబులో ముక్కని కరిగించి, 360 డిగ్రీల థర్మామీటర్‌ని సన్న గాజు తొడుగులో ఉంచి దింపి, మంట తీసేసి, అర నిమిషానికోసారి రాసుకున్నాను. సీసం బాగా కలిసి ఉంటే 232 దగ్గర నిలవకుండా ఇంకా కిందికి జారి, 183 దగ్గర ఒకసారి ఆగాలి. వేడి 250, 240, 233... 228 దాకా దిగింది. నాకు టెన్షన్ మొదలైంది. అంతలో పాదరసం తనంతట తనే పైకి లేచి 231 దగ్గర నిలబడింది. గాలియం డబ్బాలో చూసిందే ఇది. మొదటి వరస కూర్చోవడం ఆలస్యమై, కూర్చోగానే వేడి తిరిగొచ్చింది. నాలుగు నిమిషాలు అక్కడే ఉండి, తర్వాత ఎక్కడా ఆగకుండా చల్లారిపోయింది. 183 దగ్గర ఒక్క క్షణం కూడా ఆగలేదు. మా అమ్మ గిన్నె మంచి తగరంది.

సంక్రాంతికి ముద్ద తీసుకుని తెనాలి వెళ్ళాను. అమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "గిన్నె పోయింది గానీ సత్తు ఎక్కడికి పోయింది? నా గుండిగకి కళాయి పోయి రెండేళ్ళయింది" అంది. వీధుల్లో తిరిగే కళాయి వాళ్ళు ఇప్పుడు లేరు కానీ పాత్రల కొట్ల వెనక ఒక పెద్దాయన ఇంకా ఆ పని చేస్తున్నాడు. ముద్దని ఆయన చేతిలో పెట్టాం. వేలితో గీరి చూసి, "మంచి సరుకమ్మా" అన్నాడు. నవాసారం పొగ లేచింది. ముద్ద అంచు గుండిగకి తాకించగానే అది కరిగి జారింది, గుడ్డ ఒక చుట్టు తిరిగింది. అక్కడే నిలబడి చూశాను. నా స్టవ్ మీద నన్ను ఏడిపించిన అదే 232 డిగ్రీలు.

మిగిలిన ముద్ద మూట కట్టి మాకిచ్చాడు. ఇంటికొచ్చాక అమ్మ గుండిగని పొయ్యి పక్కన దించి, వెలిగించే ముందు రెండు చెంబుల నీళ్ళు పోసింది.